మనోరాజ్యము – నేటి మనశ్శాస్త్ర పరిశోధన

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము అను సామెత తెలుగునాట తెలియనివారుండరు. పంచతంత్రమందు పేలపిండి కుండను చూచుకొనుచు పరుండిన బ్రాహ్మణుడు సైతము పుట్టని కుమారునకు సోమశర్మ యనియే పేరు పెట్టినాడు. ఊహలో పుట్టు బిడ్డలకు చంద్రుని పేరే ఎందుకు దొరకునో కాని, మనస్సునకును చంద్రునకును శ్రుతి చెప్పిన సంబంధమును తలచినచో అది సముచితముగనే తోచును. కరవు వచ్చుట, పిండికి ధర పెరుగుట, మేకలు, ఆవులు, గుఱ్ఱములు, మేడ, భార్య, బిడ్డ, ఆ భార్యపై కోపము, ఆ కోపములో విసరిన కాలు, పగిలిన కుండ. ఇంతయు ఒక్క రాత్రి పని. ఆ కథ విని బాలురు నవ్వుదురు. అదే మనుష్యుడు మరునాడును పరుండి, కథను విడిచిన చోటినుండి అందుకొని, ఏండ్లు గడచినను ఆపలేకున్నచో ఆ నవ్వు నిలువదు. అట్టివారు లోకమున కలరు. వారిని గూర్చి గత ఇరువది యేండ్లుగా జరుగుచున్న పరిశోధనను ఆస్తికులు తెలిసికొనుట అవసరము. ఏలయన అట్టివారి తల్లిదండ్రులు వైద్యుని గడప కంటె ముందు తొక్కునది ఆలయపు గడపనే.

ఇజ్రాయెల్ దేశమందలి హైఫా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎలీ సోమర్ అను మనశ్శాస్త్రవేత్త 2002లో ఒక వ్యాసమును ప్రకటించెను. మానసికాఘాతములకు లోనైనవారికి చికిత్స చేయుట ఆయన వృత్తి. తనవద్దకు వచ్చినవారిలో ఆరుగురు ఒకే రీతి అలవాటును వర్ణించుట ఆయన గమనించెను. దినములో అధికభాగమును వారు లోలోపల అల్లుకొన్న కథలలో గడుపుచుండిరి. ఆ కథలలో యుద్ధములు కలవు, బంధనములు కలవు, విమోచనములు కలవు, అధికారము కలదు, ప్రణయము కలదు. కథానాయకుడు తామే, అయితే తాము ఉన్నట్లు గాక ఉండగోరినట్లు. ఆ ఆరుగురి బాల్యములును దుఃఖభరితములు. ఒంటరితనమున తోడుగాను, నొప్పికి లేపనముగాను ఆ ఊహాలోకము మొదట పనిచేసెను. పిదప తోడు యజమాని యైనది. ఈ స్థితికి సోమర్ ‘మాల్‌అడాప్టివ్ డేడ్రీమింగ్’ అని పేరిడెను. హానికరమైన పగటికల యని దాని భావము.

మన పూర్వులు ఇచ్చిన మాట ఇంతకంటె సూక్ష్మమైనది: మనోరాజ్యము. కల అనునది వచ్చును, పోవును. అందు మనుష్యుని కర్తృత్వము లేదు. రాజ్యమును మాత్రము ఏలవలెను. సరిహద్దులు గీయవలెను, మంత్రులను నియమింపవలెను, శత్రువులను సృష్టించి జయింపవలెను. ఈ స్థితిలో ఉన్నవారు చెప్పు లక్షణములు సరిగా ఇవియే. కథను ముందుకు నడుపుదురు, వెనుకకు మరల్చి సంభాషణను దిద్దుదురు, నచ్చిన ఘట్టమును పదిమార్లు ఆడింతురు.

సోమర్ వ్యాసమునకు కొంతకాలము పెద్ద స్పందన రాలేదు. 2009లో సింథియా షుపాక్, జెస్సీ రోసెంథాల్ అనువారు ఇట్టి అలవాటుతో దీర్ఘకాలము బాధపడిన యొక స్త్రీ వృత్తాంతమును ప్రకటించిరి. అనివార్యచింతలకు ఇచ్చు ఫ్లువాక్సమిన్ అను ఔషధము ఆమెకు తన ఊహలను అదుపులో ఉంచుకొనుటకు తోడ్పడినదని వ్రాసిరి. 2011లో జేన్ బిగెల్సెన్, షుపాక్ కలిసి ఇట్టివారు 90 మందిని ప్రశ్నించి మరియొక వ్యాసము వెలువరించిరి. ఈ బిగెల్సెన్ స్వయముగ బాల్యమునుండి ఈ స్థితిని అనుభవించిన వ్యక్తి. ఆ సంగతిని దాచక ప్రకటించినది. రోగి లేచి పరిశోధకుల సరసన కూర్చుండుట మన సంప్రదాయమునకు క్రొత్త గాదు. సంసారతాపమును ఎరుగనివాడు దాని నివారణను ఉపదేశింప తగడని గదా పెద్దల మాట. 2016లో 45 దేశములకు చెందిన 447 మందిపై జరిగిన అధ్యయనమందు, ఈ స్థితి గలవారు మేలుకొనియున్న కాలములో నూటికి 57 వంతులు ఊహలో గడుపుచున్నట్లును, ఇతరులు 16 వంతులు గడుపుచున్నట్లును తామే చెప్పిరి. ఆ యేడే దీనిని కొలుచుటకు ఒక ప్రశ్నావళియు సిద్ధమయ్యెను. పదునారు గంటలు మేలుకొనువానికి 57 వంతులనగా తొమ్మిది గంటలు. అనగా వాని చదువు, వ్యవసాయము, సంసారము, భోజనము సమస్తమును మిగిలిన ఏడు గంటలలో ఇరుకుకొనవలెను.

ఈ స్థితికి కొన్ని బాహ్యచిహ్నములు కలవు. సంగీతము వినగనే కథ ఆరంభమగుట. ముందునకును వెనుకకును పచార్లు చేయుట, చేతిలో ఏదో వస్తువును త్రిప్పుట, ఊగుట. పెదవులు కదలుట, ముఖమున నవ్వో కన్నీరో కనబడుట. నరసరావుపేటవంటి విద్యాకేంద్రములో, హాస్టలు మేడపై అర్ధరాత్రి చెవులలో ఇయర్‌ఫోనులు పెట్టుకొని రెండు గంటలు ఒకే వరుసలో నడచు విద్యార్థిని ఎవరైన చూచినచో చదువును నెమరువేయుచున్నాడనియో, ఎవరితోనో ఫోనులో మాటాడుచున్నాడనియో తలంతురు. మాచర్ల ప్రక్క గ్రామములో అదే దృశ్యము కనబడినచో ఇంటివారు వేరుగా తలంతురు: గాలి సోకినది, తాయెత్తు కట్టింపవలెను. ఈ రెండు ఊహలలోను ఏది ఎక్కువ హాని చేయునో చెప్పుట కష్టము. మొదటిది వానిని ఒంటరిగ వదలును. రెండవది వానిని పదిమంది ముందు నిలబెట్టి వేపమండలతో కొట్టించును.

ఇచట ఒక జాగ్రత్త అవసరము. ఊహించుట రోగము గాదు. అమెరికాలో జెరోమ్ సింగర్ అను పండితుడు జీవితకాలమంతయు పగటికలలనే పరిశీలించెను. 1961లో ఆయన సహచరునితో ప్రకటించిన అధ్యయనమందు నూటికి 96 మంది తమకు ప్రతిదినము పగటికలలు కలుగునని చెప్పిరి. అందు సృజనకును, భవిష్యత్తును సిద్ధపరచుకొనుటకును తోడ్పడు సుఖప్రదమైన ఊహ ఒక విధము. అపరాధభావముతో భయముతో నిండినది మరియొకటి. నిలుకడలేని చిత్తము యొక్క చెదరాట ఇంకొకటి యని ఆయన విభజించెను. 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనువారు 2250 మందిని ఐఫోను ద్వారా అకస్మాత్తుగ పలుకరించి, ఆ క్షణమున మనస్సు చేయుచున్న పనియందున్నదా అని అడిగిరి. దాదాపు నూటికి 47 మార్లు మనస్సు పనియందు లేదనియే సమాధానము వచ్చెను. అభిషేకము జరుగుచుండగా ఎదుట చేతులు జోడించి నిలిచినవారి మనస్సులను అట్లు ప్రశ్నించినచో ఫలితము ఇంతకంటె మెరుగుగా ఉండునని అర్చకులెవ్వరును ప్రమాణము చేయలేరు.

కావున అందరికిని ఉన్నదానికి రోగమను పేరు తగిలించుట తగదనువారి ఆక్షేపణ నిరాధారము గాదు. అమెరికా మనోవైద్యుల రోగనిర్ణయగ్రంథమునందును, ప్రపంచ ఆరోగ్యసంస్థ రోగపట్టికయందును ఈ స్థితికి ప్రత్యేకస్థానము నేటికిని లేదు. అయితే భేదము పరిమాణములో మాత్రమే ఉన్నదని తలచుట పొరపాటు. ఆపవలెనని సంకల్పించియు ఆపలేకుండుట, దానిచే చదువు, ఉద్యోగము, బంధుత్వము చెడుట, చెడుచున్నదని తెలిసి దుఃఖించుట – ఈ మూడును కూడినచోట అది వినోదము గాదు. బెన్‌గురియన్ విశ్వవిద్యాలయపు నిరిత్ సాఫర్ డుడెక్ ప్రభృతులు 2018లో ఇట్టివారిని 77 మందిని రెండువారములపాటు దినదినము ప్రశ్నించిరి. ఊహాలోకవాసము హెచ్చిన దినముననే వారి ఆందోళనయు నిరాశయు హెచ్చుచున్నట్లు కనబడెను. 2022లో ప్రకటితమైన యొక అంచనా ప్రకారము ఇజ్రాయెల్ యూదులలో ఈ స్థితి నూటికి 2.5 మందిలో కలదు. ఆ లెక్కను యథాతథముగ పల్నాటికి తెచ్చి అతికింపరాదు. కాని ఇది ఏ యొకరిద్దరి వింత గాదని మాత్రము గ్రహింపవచ్చును.

ఇక మన శాస్త్రము. పదునాలుగవ శతాబ్దికి చెందిన విద్యారణ్యస్వామి పంచదశీగ్రంథమున ద్వైతవివేకప్రకరణమునందు ఈ విషయమును సాక్షాత్తుగ చర్చించెను. ఈశ్వరుడు సృజించిన ద్వైతము వేరు, జీవుడు సృజించిన ద్వైతము వేరు. రత్నము ఈశ్వరసృష్టి; దానిని చూచి ఒకనికి కలుగు హర్షము, వేరొకనికి కలుగు కోపము జీవసృష్టి. బంధించునది రెండవది. ఇందుకు ఆయన చూపిన ఉదాహరణ మిక్కిలి మానవీయమైనది. దూరదేశమందున్న కుమారుడు సుఖముగా ఉండగా, వంచకుడెవడో వచ్చి మరణించినాడని చెప్పినచో తండ్రి ఏడ్చును. నిజముగ మరణించినను వార్త అందనంతవరకు ఏడువడు. కావున తండ్రిని ఏడిపించినది మనస్సులోని కుమారుడే. ఊహాలోకపాత్ర మరణించినందున నిజమైన కన్నీరు కార్చువారిని చూచి విస్తుపోవువారు ఈ తండ్రిని తలచుకొనవలెను. ఎదుటనున్న భార్యాపుత్రులను మనమును మనోమయులుగనే ప్రేమించుచున్నాము, ద్వేషించుచున్నాము.

ఆ ప్రకరణమందే విద్యారణ్యులు జీవద్వైతమును శాస్త్రీయము, అశాస్త్రీయము అని విభజించి, అశాస్త్రీయమును మరల తీవ్రము, మందము అని రెండుగ చెప్పెను. కామక్రోధాదులు తీవ్రము, మనోరాజ్యము మందము. మందమే గదా, ఉండనిండు, నష్టమేమి యని శంకించువానికి ఆయన ఇచ్చిన సమాధానము, అది సకలదోషములకు బీజము గనుక ఉండనీయరాదని. గీతయందలి ద్వితీయాధ్యాయమును అచట స్మరింపజేయుచున్నాడు: విషయములను చింతించుటనుండి సంగము, దానినుండి కామము, దానినుండి క్రోధము. అచట విషయచింతనకు సైతము ధ్యానమను ధాతువునే వాడుట గమనార్హము. ధ్యానమునకును మనోరాజ్యమునకును యంత్రము ఒక్కటే, అందు వేయబడు ధాన్యమే వేరు.

కొందరు వేదాంతాభిమానులు ఇచట ఒక కుతర్కము చేయుదురు. జాగ్రత్తును స్వప్నతుల్యమని గౌడపాదులు చెప్పిరి గదా, జగమంతయు కలయే యైనపుడు ఈ చిన్నకలకు దోషమేమి? గౌడపాదుల వాదము ద్రష్టను మేలుకొలుపుటకు. రెండవ దుప్పటి కప్పుటకు గాదు. యోగవాసిష్ఠమున ఒక దాది బాలునకు కథ చెప్పును. శూన్యనగరమున ముగ్గురు రాకుమారులు. ఇద్దరు పుట్టలేదు, మూడవవాడు గర్భమున పడలేదు. నీరులేని నదులలో స్నానమాడి, లేని చెట్లక్రింద విశ్రమింతురు. బాలుడు ఆ కథను నిజమని నమ్మును. వసిష్ఠుడు ఈ కథ చెప్పినది రాముడు దాని నుండి బయటపడుటకే గాని, అందు నాలుగవ రాకుమారుడగుటకు గాదు.

అయితే నవీనపరిశోధన చెప్పిన యొక సత్యము మన ప్రవచనకారులకు కనువిప్పు కావలెను. ఈ స్థితిలో ఉన్నవారికి తమ లోకము అసత్యమని సంపూర్ణముగ తెలియును. చిత్తభ్రమకును దీనికిని గల ప్రధానభేదము అదియే. లేని స్వరము వినబడుచున్నదని నమ్మువాడు వేరు. తానే అల్లిన సంభాషణయని ఎరిగియు దాని నుండి లేవలేనివాడు వేరు. అట్టివానిని కూర్చుండబెట్టి ‘ఇదంతయు మిథ్య నాయనా’ అని బోధించుట వలన ప్రయోజనమేమి? ఆ సంగతి బోధించువానికంటె వానికే ఎక్కువ తెలియును. తెలిసియు వదలకుండుటయే వాని రోగము. చెప్పవలసివచ్చినచో అది బ్రహ్మసూత్రభాష్యము చదివి ముగించి, ఆస్తిపంపకముల కొరకు తమ్మునితో న్యాయస్థానమెక్కిన పండితుని రోగమును అదియే. ఇందువలననే విద్యారణ్యులు జీవన్ముక్తివివేకమున తత్త్వజ్ఞానము ఒక్కటియే చాలదని, వాసనాక్షయమును మనోనాశమును దానితో కలిపి అభ్యసింపవలెనని వ్రాసిరి. జ్ఞానము ఒక్క క్షణమున కలుగవచ్చును. వాసన క్షయించుటకు కాలము పట్టును, క్రమము కావలెను, తోడు కావలెను.

వేరొక తప్పు పొగడ్త రూపమున వచ్చును. ఎవరితోను కలియడు, ఆటలకు పోడు, గంటల తరబడి తనలో తానుండును. పూర్వజన్మ యోగి మా యింట పుట్టినాడు అని మురియు తల్లిదండ్రులు కలరు. వ్యాసభాష్యము సమాధి అన్ని చిత్తభూములలోను ఉండగల చిత్తధర్మమని చెప్పుచున్నది. అనగా క్షిప్తచిత్తుడు సైతము ఏదో యొక దానిలో మునుగగలడు. అది యోగము గాదని వెంటనే హెచ్చరించుచున్నది. ఊహలో మునుగు శక్తి గలవారి చిత్తము దుర్బలము గాదు. నిజమునకు ఇతరులకు లేని ఏకాగ్రత వారికి కలదు. ఆ శక్తికి వారు ప్రభువులు గారు, అంతమాత్రమే. వరద వచ్చిన నాగులేటిని చూచి నీరు లేదని ఎవరనుదురు? కాలువ లేదనవచ్చును.

కాలువ యున్నచో ఊహ ఏమగునో పెరియపురాణమందలి పూసలార్ నాయనారు చరిత్ర చెప్పును. ధనము లేక ఆలయము కట్టలేని ఆ భక్తుడు మనస్సులోనే పునాది త్రవ్వి, రాయి రాయిగ పేర్చి, గోపురమెత్తి, కుంభాభిషేకమునకు ముహూర్తము నిర్ణయించెను. అదే దినమున కంచిలో పల్లవరాజు కట్టించిన ఆలయమునకు ప్రతిష్ఠ. శివుడు రాజుకు కలలో కనబడి, ఆ దినమున పూసలారు ఆలయమునకు పోవలెను, నీవు వేరు దినము చూచుకొనుమనెను. ఇదియు మనోరాజ్యమే గదా యనవచ్చును. కాదు. అందు రాజు పూసలారు గాడు, శివుడు. అందు ముహూర్తము కలదు. అనగా ముగింపు కలదు. మానసపూజకు ఆవాహనము ఎట్లో ఉద్వాసనయు అట్లే విధింపబడినది. ద్వారము తెరచుటతో బాటు మూయుటను నేర్పని సాధన అసంపూర్ణము.

ఈ నేలకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణము కారెంపూడిలో కలదు. పన్నెండవ శతాబ్ది నాటి పలనాటి యుద్ధమును అచట ప్రతియేట కార్తికమాసపు అమావాస్యతో మొదలుపెట్టి ఐదుదినములు ఆరాధింతురు. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరాచారవంతులు కొణతములను నాగులేట స్నానమాడించి వీర్లగుడికి చేర్తురు. బాలచంద్రుని కథ వచ్చినపుడు ముదుసలుల కనులు చెమర్చును, యువకులకు ఒడలు పొంగును. ఎనిమిది వందల యేండ్లనాటి మృతులకొరకు ఒక ఊరు ఊరంతయు ఐదుదినములు ఆ లోకమున జీవించును. ఆరవదినమున మిరపచేనికి నీరు పెట్టుటకు పోవును. హైఫాలో వర్ణింపబడిన కథలలోను యుద్ధము, బంధనము, వీరత్వము ఇవియే గదా. కాని ఆ కథ ఒకని గదిలో పుట్టి, ఒకని గదిలోనే తిరుగును. వినువాడు లేడు. తిథి లేదు. కల్లిపాడు లేదు.

తిరునాళ్లు, హరికథలు, ప్రభల ఊరేగింపులు తగ్గి, కథ యనునది ప్రతివాని అరచేతిలోని తెరకును చెవిలోని తీగకును కుదించుకొని పోయినందున ఈ బాధ పెరిగినదని చెప్పుటకు ఆశ కలుగును. అట్లు తేల్చి చెప్పుట సాహసము. సోమర్ చూచిన ఆరుగురు ఈ ఫోనులు పుట్టక మునుపటివారు. వారి గదులకు తాళము వేసినది తెర గాదు. గృహములోనే అనుభవించిన అవమానము, భయము, నిర్లక్ష్యము. ఆఘాతములేమియు లేని బాల్యము గలవారును ఈ స్థితిలో ఉన్నారని తరువాతి అధ్యయనములు చెప్పినవి కనుక ప్రతి గృహమును దోషిగ నిలుపరాదు. కాని బాలుడు ఎచటికి పోవుచున్నాడని అడుగువారు ఎచటినుండి పోవుచున్నాడో కూడ ఒకమారు అడుగవలెను. కొడుకు గదిలో ఒంటరిగ నవ్వుచున్నాడని ఫిర్యాదు చేయు తండ్రి, కొడుకుతో తాను చివరిసారి నవ్విన దినమును చెప్పగలడా? ఇంటరులో వచ్చిన మార్కుల సంఖ్య తప్ప వేరొక సంభాషణ లేని ఇండ్లు పల్నాటనే గాదు, తెలుగుదేశమంతటను కలవు. ఆ ఇంటినుండి ప్రయాణము కట్టిన బాలుని సోమరి యని తిట్టినందువలన వాడు మరింత దూరము పోవును.

2017లో సోమర్, సాఫర్ డుడెక్, కోలిన్ రాస్ అనువారు ఈ స్థితి గలవారిని 39 మందిని సుదీర్ఘముగ పరీక్షించి ప్రకటించిన విషయము మరింత గంభీరమైనది. వారిలో నూటికి సుమారు 77 మందికి అవధానలోపము, మూడింట రెండువంతులకు విషాదరోగము, సగమునకు పైగా అనివార్యచింతారోగమునకు సంబంధించిన లక్షణములు కూడ ఉండెను. కొందరు ప్రాణత్యాగప్రయత్నము చేసినవారు. అనగా బయటకు కనబడు పగటికల వెనుక చికిత్సకు లొంగు వేరొక వ్యాధి దాగియుండవచ్చును. విభూతి పెట్టి పంపివేసిన అర్చకుడు ఆ వ్యాధిని చూడలేడు. చూచుట వాని విద్యయును గాదు.

ధ్యానము చేయుమని సలహా ఇచ్చుట నేడు అందరికిని సులభమైనది. 2023లో ప్రకటితమైన యొక ప్రయోగమున 353 మందిని మూడు వర్గములుగ చేసి, ఒక వర్గమునకు అంతర్జాలము ద్వారా సావధానధ్యానమును, రెండవదానికి ధ్యానముతోబాటు తమ ఊహలను తామే గమనించి నమోదు చేసికొను అభ్యాసమును నేర్పి, మూడవదానిని వేచియుండుమనిరి. నేర్చినవారికి వేచినవారికంటె మేలు కలిగెను. ఈ వార్త విని సంతోషింపవలసినదే. కాని అచట నేర్పినది క్రమబద్ధమైనది, ప్రస్తుతక్షణమునకు మరల మరల తీసికొనివచ్చునది. కోటప్పకొండపై త్రికోటేశ్వరుడు దక్షిణామూర్తిస్వరూపుడు, మౌనమే ఆయన వ్యాఖ్యానము, నీవును పోయి కన్నులు మూసికొని కూర్చుండుము అని మనోరాజ్యపీడితునకు చెప్పుట దాహము గొన్నవానికి ఉప్పునీరు చూపుట వంటిది. కన్నులు మూయగనే వాని కథ మొదలగును. దక్షిణామూర్తి మౌనము ఫలస్థితి, ఆరంభసాధన గాదు.

ఇచటను విద్యారణ్యుల వివేకము ఆశ్చర్యకరము. నిర్వికల్పసమాధిచే మనోరాజ్యమును జయింపవచ్చును, అది సవికల్పసమాధిచే క్రమముగ సాధ్యము అని చెప్పి, ఆ శక్తి లేనివానిని గూర్చియు ఆలోచించెను. తత్త్వమును గ్రహించి, కామాదిదోషములు లేక, ఏకాంతమున నివసించువాడు ప్రణవమును దీర్ఘముగ ఉచ్చరించుటచే దానిని జయించునని వ్రాసెను. ఊరకే భావింపుమనలేదు, ఉచ్చరింపుమనెను. నాలుక కదలవలెను, శ్వాస సాగవలెను, చెవికి వినబడవలెను. మనోరాజ్యము ఆక్రమించు ఇంద్రియములనే ముందుగ పనిలో పెట్టినాడు. అయితే ఆయన చెప్పిన ఏకాంతము దోషములు తొలగిన సాధకునకు. గదిలో తలుపు వేసికొని కుములు పదునెనిమిదేండ్ల బాలునకు గాదు. వానికి ఏకాంతము ఔషధము గాదు, రోగస్థానము. ప్రణవోపదేశము లేనివారికి ఇష్టదేవతానామము చాలును; ఒంటరిగ గాక నలుగురితో భజనలో కూర్చుండి పలికినచో మరింత మేలు. గుడి ప్రాంగణము ఊడ్చుట, పూలు కట్టుట, గోశాలలో పనిచేయుట వంటివి చేతికి బరువునిచ్చి మనస్సును దేహమునకు కట్టివేయును. ఇవన్నియు వైద్యమునకు తోడు. దానికి బదులు గావు.

ఇదంతయు మా గ్రంథములలో ముందే యున్నది, విదేశీయులు నేడు కనుగొన్నదేమి యని చప్పరించువారికి ఒక మాట. ఉన్నది నిజమే. అయితే ఆ గ్రంథము అల్మారాలో ఉండగా గాలి సోకినదని బాలుని కొట్టించినవారమును మనమే. విద్యారణ్యుల మాట ముముక్షువు కొరకు వ్రాయబడినది. ముముక్షువు గాని సామాన్యుడు, పరీక్ష తప్పిన విద్యార్థి, సంసారము నెట్టుకొనివచ్చు గృహిణి ఈ బాధను ఎట్లు పడుచున్నారో ఒక్కొక్కరిని అడిగి వ్రాసికొన్నవారు సోమర్ ప్రభృతులు. అడుగుట యను ఆ పని మనము చేయలేదు. ఇక ఆ పరిశోధకులు ఇంకను స్పృశింపనిది, ఊహాలోకపు రాజును, పచార్లు చేయు బాలుని, ఇద్దరినీ చూచుచున్న సాక్షి యెవరను ప్రశ్న. దానిని వారినుండి ఆశించుటయు న్యాయము గాదు.

కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ఆరంభించిన టెలీ మానస్ అను సేవకు 14416 అను సంఖ్యకు రాత్రింబవళ్లు ఉచితముగ ఫోను చేయవచ్చును, తెలుగున మాటాడవచ్చును. ఆలయములలో ఉత్సవపత్రికలు, ఆర్జితసేవల రుసుముల పట్టికలు, గ్రహణకాలముల ప్రకటనలు అంటించు పలకలు ఉండును. ఆ పలకపై ఒక మూల ఆ అయిదంకెలను పెద్ద అక్షరములతో వ్రాయించుటకు ధర్మకర్తలు ఏ ఆగమమును వెదకనక్కరలేదు. తాయెత్తు కొరకు వచ్చిన తల్లికి తీర్థమిచ్చి, దారము కట్టవలెనన్న కట్టి, ఆ పలకను చూపి, రేపు ఉదయము నరసరావుపేటలో మనోవైద్యుని వద్దకు పిల్లవానిని తీసికొనిపొమ్మని చెప్పుటకు అర్చకునకు రెండు నిముషములు పట్టును.